సున్నా రోజు

బాలామణీ, జర గిటు కూసో.
లిఫ్టు ఇప్పట్ల రాదు.
నారాయణఖేడ్ నుంచి మోసుకొచ్చిన గా గొంగడి
లోపటికి రానియ్యరు. రాత్రికి నువ్వే కప్పుకో,
ఈ వరండాల ఏసీ ఎముకలు కొరుకుతది.

సంతకాల కాయిదాలు పదిహేడు.
పదకొండింటికి అర్థం అడిగిన, ఆరింటికి అడగలే.
గా ఆరే తర్వాత నన్ను రాత్రిపూట లేపినయి.
నువ్వు అన్నీ అడుగు.
డాక్టరమ్మ విసుక్కోదు. విసుక్కున్నా అడుగు.

సున్నా రోజు అంటరు.
నేను పెద్ద ఆపరేషన్ అనుకున్న,
తలుపులు మూస్తరు, ఎర్రలైటు ఎలుగుతది అనుకున్న.
ఏం లేదు.
చిక్కటి చింతపండు చారు లెక్క ఒక సంచి,
సైకిల్ వాల్‌ట్యూబంత గొట్టం,
బొట్టు బొట్టు మూడు గంటలు.
మా ఇందుజ కార్టూన్ చూస్కుంట నిద్రపోయింది.
గంతే.
గా గంతేకు మేం కుషాయిగూడ ప్లాటు అమ్మినం.

కష్టం అటెన్క ఉంటది.
ఆరో నాటికి నోరంత పుండ్లు,
ఉమ్మి మింగలేక చెంచాల వదిలేది.
జుట్టు తలగడ మీదనే ఉండిపోయింది.
కుట్టుమిషన్ దాన్ని కద, రవికె ముక్కలతోని ఆరు టోపీలు కుట్టిన.
ఒక్కటి పెట్టుకోలే.
అద్దంల గుండు చూస్కొని
"తాత లెక్కున్న" అన్నది.

తెల్లకణాలు సున్నా. సున్నా. మల్ల సున్నా.
నర్సు కాయిదం మీద రాసి అద్దం అవుతల నుంచి చూపెట్టేది.
పదహారో నాడు నూటిరవై.
నూటిరవైకి మూసాపేటల కిలో చిక్కుడుకాయ రాదు,
నేను మెట్ల మీద కూసొని ఏడ్చిన.
పదిహేడో నాడు తొంభై.
అప్పుడూ ఏడ్చిన.
ఎక్కుతది, దిగుతది, నువ్వు మాత్రం అన్నం తిను.

ఇంటికి పంపినంక ఏదైనా కుక్కర్ల ఉడకాలె.
పచ్చి కొత్తిమీర అలవాటు మీద చల్లుతవు, చెయ్యి ఆపుకో.
రూము తీస్కునేటప్పుడు కిటికీల పావురాలున్నయా చూడు.
పావురాల్లేని కిటికీ ఈ పట్నంల దొరకాలంటే
చెప్పులరగాలె. మేం నాలుగిండ్లు కాదన్నం.
"కిరాయి కట్టేది మీరా, పావురాలా" అని ఒకాయన నవ్విండు.

ఇంగ ఇది ఎవ్వరు చెప్పరు.
మా నిశాంత్‌కు తొమ్మిదేండ్లు.
వాని నడుమెముకల నుంచే తీసిండ్రు.
తెల్లారి బిస్కెట్ పుడ, ఒక కారు బొమ్మ చేతిల పెట్టి
నాయనమ్మతోని ఇంటికి తోలినం.
మేమంత అద్దం దిక్కు తిరిగి నిలబడ్డం.
ఇరవై రెండో నాడు ఇందుజ అరచేతులల్ల ఎర్ర దద్దులు.
"అన్న కణాలు కొట్లాడుతున్నయి" అన్నది డాక్టరమ్మ.
ఆమెకు రోజు మాట్లాడే మాటే.
వాడు ఫోన్ల విన్నడు.
నాలుగు రోజులు సరిగ తినలే, బడికి పోలే.
అయిదో నాడు నాయనమ్మ చెవిల అడిగిండట,
"నేను దాని పెన్సిల్ ఇరగ్గొట్టిన కద,
అందుకే నా రక్తం దాన్ని కొడుతుందా?"

గా దద్దులు మందులకు తగ్గినయి.
గా మాట నాకింక తగ్గలే.

అటు చూడు, బాలామణీ.
మూలకున్న కుర్చీల నీ పెద్దపిల్ల ఒక్కతే,
నేలకందని కాళ్ళు ఊపుకుంట.
సూది ఎక్కడేస్తరో, ఎందుకేస్తరో
ఆమెకెవరన్న చెప్పిండ్రా?

పో.
లిఫ్టొస్తే నేను ఆపుత.