వెనక అట్ట

నాలుగే ఖానాలు ఇచ్చిన్రు నాకు.
జ్వరం. దగ్గు. దమ్ము. బయటి నుంచి వచ్చిండా.
బిడ్డ స్కేలుతోటి గీసుకున్న, సర్కారు కాగితాలు అందక.
మూతికి పాత నారాయణపేట చీర చింపి కుట్టుకున్న గుడ్డ.
అంచు ముక్కుమీద గీరుతుంటది,
ఆశక్క వస్తుందంటే
తలుపు సందుల నుంచి కండ్లు మాత్రమే కనపడతయి.

ఉసేనప్ప బొంబాయి నుంచి వచ్చి తొమ్మిది రోజులు.
ముంజేతి మీద సిరా ముద్ర.
"చేతులు కడుగుమంటరు, ముద్ర పోవద్దంటరు.
యేది చెయ్యాలె అక్కా?"
జ్వరం లేదు. దగ్గు లేదు.
దమ్ము కాడ నా పెన్ను ఆగింది.
పదహారో అంతస్తు దాంక ఇసుక మోసినోడు,
షోలాపూర్ ఇవతల నుంచి
రైలు పట్టాల మీద నడిచి వచ్చినోడు.
ఉన్నదని రాయాల్నా, లేదని రాయాల్నా?

కల్లు కాంపౌండుకు తాళం పడి ఐదో రోజు.
లింగప్ప లేని చీమల్ని ఒంటి మీద నుంచి దులుపుకుంటున్నడు,
గోడతోటి మాట్లాడుతున్నడు.
"గదే తగిలిందా ఈయనకు?" అన్నది పెండ్లాం,
పిల్లలను వెనక్కి నెట్టుకుంట.
కాదమ్మా, కల్లు తగలక.
"మరి గీ లెక్క ఎవరు రాసుకుంటరు?"
నేను రాసుకున్న.
రిజిస్టర్ వెనక అట్ట తెరిచి, ఖానా లేని చోట.

కృష్ణ దాటితే రాయచూరు.
మాకు దవాఖాన అంటే రాయచూరే, తాతల నాటి నుంచి.
రోడ్డుకు అడ్డం మట్టికుప్ప పోసిన్రు, మీద తుమ్మకంప.
చాందిబీ కోడలికి నెలలు నిండినయి.
"గీ కుప్ప రోగాన్ని ఆపుతదేమో,
నొప్పుల్ని గూడ ఆపుతదా బేటీ?"
నూటెనిమిదికి ఫోన్ చేసిన.
మక్తల్ పోవాలన్నరు. మక్తల్‌ల పాలమూరు అన్నరు.
పాలమూరోళ్లు ఏమన్నరో ఇంక తెల్వదు,
నడిమిట్లనే, మరికల్ కాడ, బండిలనే కాన్పయింది.
ఆడపిల్ల. ఏ ఊర్ల పుట్టిందని రాయాలె?

మస్తాన్ సాబ్ కూరగాయల బండిని
ఊరి బయటనే ఆపిన్రు పిలగాండ్లు, కట్టెలు పట్టుకొని.
బండిల మెంతికూర వాడిపోతున్నది.
"నేను పుట్టింది ఈడ. పోయింది ఆత్మకూరు సంత దాంక.
బయటి నుంచి వచ్చిండా అంటే
ఏం రాస్తవమ్మా నువ్వు?"
నా కొడుకు కూడ ఉన్నడు ఆ కట్టెలోళ్లల్ల.
అట్ట మీద గది మాత్రం రాయలే.

పోయిన నెల కోడిని ఉత్తగ ఇస్తమన్నా ఎవలు ముట్టలే.
గిప్పుడు గుడ్లు తినున్రి, బలం అని తిరుగుతున్న.
"అప్పుడు తినొద్దన్నది ఎవరు?" అన్నది పెంటమ్మ.
నేనే. ఫోన్‌ల చూసి చెప్పిన.
రెండు వందల కోళ్లను గుంట తీసి పూడ్చిండు ఆమె మొగుడు.
ఆమె ఇంకేం అనలే.
చెంబుల నీళ్లు తెచ్చి, గడప మీద పెట్టి, దూరం జరిగింది.
తాగిన.

పొద్దుగూకినంక వాకిట్ల బట్టలు నానబెట్టి
బయటనే నీళ్లు పోసుకుంట.
చిన్నది కిటికీల నుంచి అడుగుతది,
"అమ్మా, నీకొస్తే ఎవరు రాస్తరు?"
పండుకో పో, అంట.

ఆఖరి ఇల్లు బుగ్గమ్మది.
మనుమడు పూణెల ఇరుక్కున్నడు, రోజూ ఫోన్ కలుపుతది.
వాని గొంతు వినేకన్న ముందుగాల ఎవరో దగ్గుతరు ఫోన్‌ల.
సూచనలు చెప్పే గొంతు ఆమెకు పట్టలే, ఆ దగ్గే పట్టింది.
"నెల దినాలాయె బిడ్డా, ఇంక దగ్గుతనే ఉన్నడు.
ఎవల పిలగాడో.
దగ్గర ఎవలన్న ఉన్నరా వానికి?
మిరియాలు మరిగిచ్చి పోస్తున్నరా?"

గది ఉత్త రికార్డింగ్ అవ్వా, అందామనుకున్న.
ఆమె నా పెన్ను దిక్కే చూస్తున్నది.

ముందు పేజీ తిప్పిన.
పేరు తెల్వదు. ఊరు తెల్వదు.
జ్వరం, అడగలే.
దగ్గు ఉన్నది.