మైనస్ నలభై

అహ్వాజ్‌లో ఆ శుక్రవారం
కారూన్ నది మీంచి వచ్చేదీ వడగాలే.
గుడ్డ చుట్టుకుంటే గాని
స్పానర్‌ని ముట్టుకోలేం.
మా ఓస్తా నేమత్ షట్టర్ సగం దించి
ఇనప బల్ల మీద పుచ్చకాయ కోస్తున్నాడు.
నాకప్పుడు పద్నాలుగేళ్ళు.
పని నేర్చుకోవడమంటే అప్పటికింకా
గింజలు ఎంత దూరం ఊయగలనో చూసుకోవడమే.

షట్టర్ కింద ముందు రెండు చెప్పులు కనబడ్డాయి.
తర్వాత వంగి లోపలికొచ్చింది
పూలకొట్టు మందానా ఖానుం.
బయట ఆమె తెల్ల సమంద్ కారు,
వెనక సీటు నిండా నేలసంపెంగలు
మెడలు వాల్చేసి.
ఏడింటికి పెళ్ళి హాల్లో ఉండాలట.

"రెండు షెడ్లు తిరిగాను.
ఒకడు గ్యాస్ నింపాడు.
ఇంకొకడు ఆ గ్యాసే తీసి మళ్ళీ నింపాడు.
కంప్రెసర్ పోయింది, కారు అమ్మితే గాని
కంప్రెసర్ రాదన్నాడు."
గుక్క తిప్పుకోకుండా చెప్పి
పుచ్చకాయ ముక్క వద్దంది,
కాసేపాగి తనే తీసుకుంది.

ఓస్తా బానెట్ ఎత్తలేదు.
సీట్లో కూర్చుని తాళం తిప్పి
నన్ను పిలిచాడు. చదవరా, అన్నాడు.
చదివాను:
బయటి ఉష్ణోగ్రత మైనస్ నలభై.

బయట యాభై ఒకటి.
కుక్క ఒకటి మా ఆయిల్ డబ్బా నీడలో
నాలుగు కాళ్ళూ సర్దుకోలేక అవస్థపడుతోంది.

"కంప్రెసర్‌కేం జబ్బు లేదమ్మా,
చెప్పుడు మాటలు విని చెడింది.
మంచు పడుతోందని ఎవడో చెవిలో ఊదాడు.
అంత చలిలో నాతో పనేముందని
బుద్ధిగా ముడుచుక్కూర్చుంది."

ముందు బంపర్ వెనక దొరికాడు ఆ ఎవడో,
ఖర్జూరం గింజంత, రెండు కాళ్ళతో, దుమ్ము కొట్టుకుని.
వాణ్ణి పీకేసి, ప్లగ్గు రెండు కొసల్నీ
ఓస్తా తీగముక్కతో కలిపాడు.
డాష్‌బోర్డు మీద అంకె
మైనస్ నలభై నుంచి ఎనభై అయిదుకి ఎగిరింది.
"తీగ మంచిదే. కబురు మోసేవాడు బతికే ఉన్నాడు,
పంపేవాడే పోయాడు."

నమ్మనట్టు చూశాను గామోసు,
నా చాయ్ గ్లాసు లాక్కున్నాడు.
ఇంకో గ్లాసులో ఐసు ముక్కలు.
పాత ప్రైడ్ కారు సెన్సర్ ఒకటి డబ్బాలోంచి తీసి
ఐసులో ముంచితే మీటరు ముప్ఫై రెండు వేలంది,
చాయ్‌లో ముంచితే జారి జారి పన్నెండు వందలకొచ్చింది.
"వేడి తగిలేకొద్దీ మొండితనం తగ్గుతుంది దీనికి."
నాకు వెంటనే మా నాన్న గుర్తొచ్చాడు.
ఆయనది తిరగేసిన లెక్క.

సమంద్ గింజని ముంచాం.
ఐసులో ఏమీ లేదు, చాయ్‌లో ఏమీ లేదు.
మీటరు ఎడమ మూల ఒక్క ఒకటి వేసి ఊరుకుంది.
లెక్కకి అందనప్పుడు అది అంతే.
ఆ చాయ్ మళ్ళీ నేనే తాగాను.

శుక్రవారం, విడిభాగాల కొట్లన్నీ మూత.
ప్రైడ్‌ది దీనికి పనికిరాదు, దాని లెక్క వేరు.
ఆమె గడియారం చూసింది, పూల వైపు చూసింది,
మళ్ళీ గడియారం చూసింది.
ఓస్తా గడ్డం గోక్కుని
బియ్యపు గింజంత రెసిస్టర్ ఒకటి ఏరి
తీగల మధ్య టంకం వేశాడు.
పొగ కాస్త లేచింది.
తాళం తిప్పితే
ఇరవై అయిదు.

టక్కుమని ఒక చప్పుడు.
కంప్రెసర్ కదిలింది.
ముందు వేడిగా, తర్వాత గోరువెచ్చగా,
ఆ తర్వాత నా ముంజేతి మీద వెంట్రుకలు లేచాయి.

"ఇదీ అబద్ధమేగా?" అందామె.
"అబద్ధమే. శనివారం దాకా.
రేపొచ్చి అసలుది వేయించుకో."

రేపు రాలేదు. ఆ వారమూ రాలేదు.
రెండేళ్ళ తర్వాత తెల్ల వంతెన దగ్గర సిగ్నల్లో
నా మోటార్‌సైకిల్ పక్కనే ఆగింది సమంద్.
హెల్మెట్‌లో నా నెత్తి ఉడుకుతోంది.
అద్దం నాలుగు వేళ్ళు దించింది,
సంపెంగ వాసనతో చల్లగాలి నా మోకాలికి తగిలింది.
ఏమీ అనలేదు,
డాష్‌బోర్డు కేసి గడ్డంతో చూపించి నవ్వింది.
ఇరవై అయిదు.
జూలైలో, జనవరిలో, అర్ధరాత్రి, మిట్టమధ్యాహ్నం
ఇరవై అయిదు.

అసలు సెన్సర్ ఇంకా మా డబ్బాలోనే ఉంది,
ఆమె పేరు రాసిన కాగితం చుట్టి.