ఎనభై ఏడు

పుస్తకంలో నూరు.
మా ఊరి నీళ్లకి అంత ఓపిక లేదు.
ఎనభై ఏడు దగ్గరే సలసలా కాగి
ఇక మాకేం పని అన్నట్టు
ఆవిరై లేచిపోతున్నాయి.

పదకొండేళ్లుగా నూరే చెప్పాను.
నూరని రాసిన పిల్లకి మార్కు వేశాను,
రాయని పిల్లాడికి ఎర్రగీత.
ఒక్కసారీ గిన్నె పొయ్యి మీద పెట్టలేదు.

ఒరూరో దాటి నాలుగు గంటలు,
గాలికి రేకులు టపటపలాడే బడి.
థర్మామీటర్ ఈ ఏడే వచ్చింది, ఎవరిదో సాక్సులో చుట్టి.

"ప్రొఫే, ఇది పాడైంది" అన్నాడు రుఫీనో.
అవునని ఉంటే
గంట కొట్టేలోగా పాఠం అయిపోయేది.
"పాడైందని ఎలా తేలుస్తావ్?"
అన్నాను, నాకూ తెలియక.

నెలీడా బయటికి పరుగు.
లామాలు నీళ్లు తాగే తొట్టిలోంచి
మంచుపలక విరిచి తెచ్చింది, వేళ్లు కందిపోయి.
దంచి, ముంచి చూస్తే సున్నా.
వెంట్రుకవాసి తేడా లేని సున్నా.
గాజుగొట్టం నిర్దోషి.

మంట చాల్లేదంది వెనకబెంచీ.
ఎండిన లామా పెంటికలు ఇంకో గంపెడు పోశారు.
నీళ్లు గిన్నె దాటి ఎగిరాయి,
గదంతా పొగ, అందరి కళ్లలో నీళ్లు,
అంకె మాత్రం కదిలితే ఒట్టు.
బావినీళ్లూ అంతే, మంచు కరిగిన నీళ్లూ అంతే.

అప్పుడు లింబెర్ అన్నాడు:
"ఆ పుస్తకం రాసినాయన సముద్రం పక్కన కాచుకున్నాడేమో.
మనకి సముద్రం లేదు కదా."
గది గొల్లుమంది.
ఈ దేశంలో ఆ మాటకి ఎక్కువసేపు నవ్వలేం.
నవ్వు సద్దుమణిగాక చూస్తే
లింబెర్ నవ్వడం లేదు.

ఫిబ్రవరి నుంచీ నోరు విప్పని ఎదెల్మీరా
బల్లతో చెప్పినట్టు మెల్లగా చెప్పింది:
"మా అమ్మమ్మ చిక్కుడుగింజలు పొద్దున పెడితే
ఇక్కడ మధ్యాహ్నానికీ పళ్లకి తగుల్తాయి.
కింద కరనావీలో, పిన్ని ఇంట్లో, తొందరగా మెత్తబడతాయి.
అవే గింజలు. అదే అమ్మమ్మ."

అంతే, నా పదకొండేళ్ల పప్పు
ఉడకడం మానేసింది.

కట్టెల్లో తేడా అని ఒకరు. కాదు, గిన్నెలో అని ఒకరు.
"మరి కింద ఉండి ఇక్కడ లేనిదేంటి?"
"దోమలు." "అరటిచెట్లు." "గాలి."
గాలి అన్నది ఎవరో ఇప్పటికీ తేలలేదు,
ముగ్గురు నేనే అంటున్నారు.
కింద నుంచి వచ్చినవాళ్లు మెట్టెక్కితే రొప్పుతారు కదా,
గాలి అక్కడ బరువు, ఇక్కడ పలచన.
"అయితే గాలి మూతలాంటిదా, ప్రొఫే?
మూత బరువైతే నీళ్లు లేవలేవా?"

అందరూ నావైపు.
నేను నీళ్లు నమిలాను.
పొద్దున తెలియక నమిలినవే,
ఈసారి తెలిసీ నమిలాను.
నాలుక చివర ఉన్న జవాబుని
మింగడం ఇంత కష్టమని ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

"నేను నమ్మను," రుఫీనో చేతులు కట్టుకున్నాడు,
"ఈ గొట్టమే కరనావీకి వెళ్లి రావాలి."
బల్ల మీద ఎవరి పందెం వాళ్లు సుద్దతో రాశారు:
తొంభై రెండు, తొంభై ఎనిమిది, నూరు,
రుఫీనో మళ్లీ ఎనభై ఏడే, మొండిగా.

సోమవారం బస్సుకి అమ్మమ్మ వెళ్తోంది.
చారల దుప్పటి మూటలో, సాక్సులో, గొట్టం.
"పగిల్తే నాది పూచీ కాదు," అంది.
"అంకెలు నాకు రావు.
ఎంతదాకా ఎక్కిందో అక్కడ దారం కట్టి తెస్తా."

ఏ రంగు దారమని
గది మళ్లీ వాదనకి దిగింది.