అట్టముక్క

ఏపీ ఇరవై నాలుగు, పన్నెండు పది.
నేను ఎక్కడెక్కడ ఆగిన్నో మా ఇంటామెకు
జెప్పాల్సిన పని లేదు.
వేములపల్లి చాయ్ హోటల్ ముంగట ఒక మరక,
రైసుమిల్లు కాటా మీద ఒకటి,
కల్లు కాంపౌండు గోడపొంటి ఇంకొకటి,
జర పెద్దది.
"గింతసేపా?" అంటది
చెప్పుతోని రాసి చూసి.

మిర్యాలగూడ మిల్లుల ఊక
నల్లగొండ ఇటుక బట్టీలకు తోలుడు నా పని.
ఊకకు బరువుండదు, అదే దాని మోసం.
కండ్లల్ల, కాలర్ల, సద్ది గిన్నెల.
బండి కడుపుకింద నూనె తడి ఉన్నకాడల్ల అంటుకొని
మాడిన అరిసె లెక్క పెచ్చుగట్టింది.
కింద ఇనుము ఏ రంగో మర్చిపోయిన.

సూర్యాపేటల చూపిస్తే
"క్రాంక్ సీలు" అన్నడు, చెయ్యన్న పెట్టకుంట.
గేరుపెట్టె దించిండు. రెండు రోజులు, పదకొండు వేలు.
మూడోనాడు పొద్దుగాల అదే చుక్క.
కోదాడాయన సంపు ప్యాకింగ్ మార్చిండు.
హుజూర్‌నగర్ పిలగాడు టాపెట్ కవర్ ఇప్పి
పుట్టినరోజు కేకుకు క్రీము పూసినట్టు
చుట్టూ గమ్ము పూసిండు.
ఎవల పని వాళ్లు సక్కగనే చేసిండ్రు,
ఆ మాట అనకపోతే పాపం తగుల్తది.
లీటరు లీటరుకు నేనే సన్నబడ్డ.

అద్దంకి రోడ్డు మీద లతీఫ్ చిచ్చాది
షట్టర్ లేని దుకాణం.
ఒక కన్ను ఆపరేషన్ అయ్యింది, ఇంకోటి కాలే.
"నూనె పడ్డకాడ ఎతుకకు" అన్నడు,
"ముంగట కారింది ఫ్యాను గాలికి ఎనుకకొచ్చి పడ్తది.
చుక్కకు తన ఊరు గుర్తుండదు."

డీజిలు పోసి కడిగిచ్చిండు.
మూడు బకెట్లు నల్లగ పోయినంక
ఇంజిన్ లేత నీలం.
ఎండకు ఆరనిచ్చి
"ఇంట్ల ముగ్గు పిండి ఉన్నదా?" అన్నడు.
మా ఇంటామె డబ్బ పంపలే, పట్టుకొని తనే వచ్చింది.
చంటిదానికి పౌడర్ అద్దినట్టు
చిచ్చా ఇనుముకు ముగ్గు అద్దిండు.
స్టార్ట్ చేసి, ముగ్గురం కుక్కుటం మీద కూసున్నట్టు
గొంతుకూసుండి చూసినం.

ఒక్క గీత వస్తదనుకున్న.
సంపు అంచుకు ఒకటి, టాపెట్ మూలకు ఒకటి,
ఆయిల్ స్టిక్ మెడకు, ఎనుక సీలుకు,
ఎండల మూటలు మోసినోని వీపు లెక్క
అన్ని దిక్కుల చెమట.

నాకు ఏడుపొచ్చింది. చిచ్చాకు నవ్వొచ్చింది.
నడుస్తున్న ఇంజిన్‌కు నూనె పోసే మూత ఇప్పి
నా అరచెయ్యి గుంజి ఆ బొర్ర మీద పెట్టిచ్చిండు.
దూడ మూతితోని గుమ్మినట్టు
లోపలికెల్లి తోస్తున్నది.

"సీళ్లన్నీ మంచిగున్నయి.
ఊపిరి ఇడువనిస్తలేవు నువ్వు."

బ్రీదర్ గొట్టం ఇప్పి నేలకు కొట్టిండు. రాలే.
సువ్వతోని పొడిచిండు.
అప్పుడొచ్చింది,
నూనెల ఉడికి బెల్లం గడ్డ లెక్క బిగిసిన
నా మూడేండ్ల ఊక.
దించిన ప్రతి లోడుల నుంచి పిడికెడు
నేనే దాసిపెట్టుకున్నట్టు.

నూటయాభై తీసుకున్నడు, చాయ్ నాతోని తాపిచ్చిండు.

ఆ రాత్రి బండి కింద బిస్కెట్ డబ్బా అట్టముక్క పరిచిన.
నిద్ర పట్టలే. టార్చి పట్టుకొని రెండుసార్లు లేచిన.
తెల్లారి మా ఇంటామె అట్ట తెచ్చి
మంచం మీద పెట్టింది.
ఒక్క చుక్క. రూపాయి బిళ్లంత.

ఇద్దరం చిచ్చా కాడికి పోయినం.
ఆయన చూడలే. ఏలుకు అద్దుకొని
ముక్కు కాడ పెట్టుకున్నడు.
"ఇంజిన్‌ది కాదు బేటా. గంధకం కంపు కొడ్తున్నది.
గేరుపెట్టెది.
దాన్ని ఎవలన్న దించిన్రా?"

"సూర్యాపేట" అన్నది మా ఇంటామె
నాకంటే ముందు.