టీ వడగట్టు

చీమకుర్తి క్వారీలో ఇరవై రెండేళ్లు
రాయికి యాడ మేకు దిగాలో చెప్పినోణ్ణి.
ఒంగోల్లో నన్నే బల్లమీద పడుకోబెట్టి
నడుం కింద నీళ్ల తిత్తి ఆనించారు.

"కదలబాక మాల్యాద్రీ!"
టిక్. టిక్. టిక్.
రబ్బరుబ్యాండు లాగి వదిలినట్టు,
వదిలినచోటే మళ్లీ వదిలినట్టు.
ఎనిమిదొందల దాకా లెక్కెట్టి మానుకున్నా.
సైరన్ లేదు, దుమ్ము లేదు,
దూరం పొమ్మని ఎర్రగుడ్డ ఊపేవాడు లేడు.
పోదామన్నా, రాయి నాలోనే.

గులాబీ రంగు మూడోనాటికి తేటపడింది.
బిందెడు నీళ్లు తాగి, పళ్లు కరుచుకుని నిలబడితే
వడగట్టులో
నాలుగు నూకలు.

అగ్గిపెట్టెలో దాచా. డాక్టరుకి చూపాలంట.
అంకమ్మ మూత తీసి వెలుగులో పెట్టి చూసింది:
"ఇంతేనా? దీనికా వీధంతా లేపావు?"

ఇరవై టన్నుల దిమ్మె కింద నిలబడ్డప్పుడు కూడా
నేనరవలేదని
దానికి తెలుసు.
సాయంత్రం కొత్త వడగట్టు కొనుక్కొచ్చింది.