పట్టువిడుపు

ఔలు పట్టణంలో డిసెంబరు.
రెండు దాటితే సూర్యుడు దుకాణం కట్టేస్తాడు.
ప్రయోగశాల కిటికీకి నల్లగుడ్డ బిగిస్తూ
తెల్లెర్వో అంది: "బయటి చీకటి మాకు చాలదు.
ఇంకాస్త కావాలి."

అర్మాస్ నవ్వలేదు.
ముప్ఫై ఏళ్లు మోటారు రంపం పట్టిన చేతులు
కొయ్య కోసీ కోసీ కొయ్యబారాయి.
పాలడబ్బా కోసం ఫ్రిజ్ తెరిచినా చాలు,
నాలుగు వేళ్లు సుద్దముక్కలవుతాయి.
బొటనవేలొక్కటే ఇంకా మనిషిది.

గాజుగొట్టంలో అతని నెత్తురు.
ఇనుప రేణువు రేణువునీ
నైట్రిక్ ఆక్సైడ్ పట్టుకుని ఉంది,
ఉడుంపట్టు.
నాళాలను వదులు చేసే వాయువు
తను మాత్రం వదలదు.

"ఉప్పేసిన పందిమాంసం రంగు," అన్నాడతను.
"సరిగ్గా అదే," అందామె.
"అంగడి దీపాల కింద పైముక్క వెలవెలబోదూ?"
"మా ఆవిడ ఎప్పుడూ అడుగుది తీసేది."

దీపం వెలిగించింది. ఎర్రది, వేడి లేనిది.
వెలుగు తగలగానే పట్టు సడలుతుంది.
సడలి,
రెప్పపాటును లక్ష ముక్కలు చేసి
అందులో ఒకదాన్ని మళ్లీ లక్ష చేస్తే
అంతసేపట్లో
చాలామటుకు మళ్లీ ఆ ఇనుముకే అతుక్కుంటుంది,
గడప దాటి, కళ్లజోడు మరిచానని
వెనక్కొచ్చినట్టు.

"మరెందుకు ఇదంతా?"
"కొన్ని తిరిగి రావు."
"ఎన్ని?"
ఆమె తెరమీది గీతను చూసింది.
చీమ కుంటినంత వంగింది గీత.
"లెక్క ఇంకా తేలలేదు."

తర్వాత అతని కుడిచేయి, దీపం కింద.
పది నిమిషాలు. పన్నెండు.
ఉన్నట్టుండి అడవి గురించి మొదలెట్టాడు:
పైన్ చెట్టు కూలితే
నేలమీద ముందు వెలుగు పడేదట,
చప్పుడు ఆ తర్వాతే అనిపించేదట.
ఎన్నాళ్లో నీడలో బతికిన నాచు
వారం తిరక్కుండా మాడిపోయేదట.
"దానికి ఎవరు మేలు చేసినట్టు?"
తెల్లెర్వో ఏమీ రాసుకోలేదు.

చూపుడువేలి కొసన చిన్న గులాబీ మచ్చ.
దీపం రంగేమోనని ఆర్పేసింది.
చీకట్లో అతని గొంతు:
"చీమలు పాకుతున్నాయి. ఉండు, ఉండు.
ఇది మంచిదా?"

వెళ్తూ కోటు గుండీలు తనే పెట్టుకున్నాడు.
ఒకటి, రెండు, మూడు.
నాలుగోదానికి తలుపు తెరుచుకుంది,
మంచుగాలి లోపలికొచ్చింది.
మాట్లాడకుండా
మెడ ముందుకు చాచాడు.