సబ్బు వాసన

నల్లచెరువు, మూడో లైను, రేకుల గది.
సలోమి చేతులు కడుక్కుంటోంది.
నేనొచ్చిన అరగంటలో ఇది నాలుగోసారి.

"ఘాటమ్మా, పిల్లకి మండుద్ది."
నిజమే, మిర్చి యార్డులో
పదేళ్ళు తొడిమలు తీసిన చేతులు.
కానీ ఏడో నెలలోనే పని మానేసింది.
ఇప్పుడు పిల్లకి యాభై రోజులు.

అత్త దీనమ్మ చెడ్డదేం కాదు.
వెల్లుల్లి కారం కొట్టి పెట్టింది, చెవుల్లో దూది పెట్టింది,
పాస్టరు గారిచేత నూనె రాయించింది,
ఆయనకి తెలియకుండా దర్గా నుంచి తాయెత్తూ తెచ్చింది.
"పాలు పడ్డాయి, జ్వరం లేదు, ఇంకేం రోగం?
బాలింత గాలి. అదే పోయిద్ది."

నా సంచిలో ఐరన్ మాత్రలు,
పిల్లల్ని తూచే కొక్కెం కాటా,
ఒక కాగితం. తొమ్మిది ప్రశ్నలు.
చదివితే కోర్టు నోటీసులా ఉంటయ్:
గత రెండు వారాలుగా పనుల పట్ల ఆసక్తి తగ్గినదా?
సలోమి గోడ వంక చూసింది.
కాగితం మడిచేశాను.
"పొద్దున్నే లేవబుద్ధవుతోందా, సలోమీ?"
"పొద్దెందుకు పొడిచిద్దో తెలియట్లేదమ్మా."

తొమ్మిదోది అత్త ముందు అడగలేం.
దీనమ్మని పాల ప్యాకెట్టుకి పంపాను, డబ్బులు నావే.
అడిగాను.
బయట టిక్కీల లారీ వెనక్కొస్తోంది
రానీ, రానీ, రానీ, ఆపు
ఆ అరుపుల కింద
ఊ, అంది.
అంత చిన్న మాట
నా కాటాకి అందలేదు.

బుధవారం పెద్దాసుపత్రి.
ఆటోకి నూట అరవై, ఏసోబుకి ఒక పూట హమాలీ కూలి పాయె.
డాక్టరమ్మ చిన్న మాత్ర రాసింది,
పాలిస్తూనే వేసుకోవచ్చంది,
మూడు నాలుగు వారాలు ఓపిక పట్టమంది.
"పిచ్చి మందులా?" దీనమ్మ గొంతు తగ్గించింది.
"నువ్వు బీపీకి వేసుకోట్లా? అట్టాంటిదే."
సగం నిజం. ఆ రోజుకి సగం చాలు.

మిగతా వైద్యం చెప్పుకునేంత గొప్పది కాదు.
మంగళవారం మంగళవారం పోయి కూచోడం.
కొళాయి దాకా ఇద్దరం నడిచి రావడం.
నలభై కిలోల టిక్కీ ఒక్క ఊపున ఎత్తే ఏసోబుకి
రాత్రి రెండింటికి మూడు కిలోల పిల్లని ఎత్తడం నేర్పడం.
వాడికి చేతులొణికినయ్.

నాలుగో వారం ఏమీ మారలేదు.
ఐదో వారం తలుపు తీయలేదు.
గడప మీద కూచుని
నా రెండోవాడు పుట్టినప్పటి సంగతి తలుపుకి చెప్పాను.
ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ చెప్పంది.
ఇక్కడా రాయను.
కాసేపటికి లోపల గొళ్ళెం కదిలింది.

ఏడో వారం
దాని చెయ్యి పట్టుకుని దాని ముక్కు దగ్గరే పెట్టాను.
"చూడు. ఘాటు లేదు. సబ్బే."
చూసింది. చాలాసేపు చూసింది.
పిల్ల ఏడుపందుకుంది.
సలోమి లేచి కొళాయి వైపే వెళ్ళింది,
సగం దారిలో ఆగింది.

పిల్ల ఏడుస్తూనే ఉంది.
నేను లేవలేదు.